పేదల ఫారంలో పగటి దయ్యాలు

ఆర్డిస్ నీగార్డ్ నలభై ఐదేళ్లు స్కూలు బస్సు నడిపింది. అయోవాలోని టామ్లిన్ కౌంటీలో, మొక్కజొన్న చేల మధ్య గీత గీసినట్టు పోయే కంకర రోడ్ల మీద, రోజుకు రెండు పూటలా అదే దారి. ఆ దారి ఒక్కచోట మాత్రం వంపు తిరుగుతుంది. అక్కడ ఎర్ర ఇటుకల మూడంతస్తుల మేడ ఒకటి, కిటికీలకు చెక్కలు కొట్టి, చుట్టూ తుప్పలు పెరిగి, ఎవరికీ పట్టనట్టు నిలబడి ఉండేది. అదే పేదల ఫారం. ఇల్లూ వాకిలీ లేనివాళ్లను, ముసలితనంలో దిక్కులేనివాళ్లను, మతి సరిగా లేదని ఇంట్లోవాళ్లు వదిలించుకున్నవాళ్లను వెనకటి రోజుల్లో కౌంటీ అక్కడ ఉంచేది. చేతనైనవాళ్లు ఆ పొలంలో పనిచేసేవారు, పండిందే తినేవారు, పోతే ఆ పొలం చివరే మట్టిలో కలిసేవారు. అది మూతపడి యాభై ఏళ్లు.

బస్సు ఆ వంపు దగ్గరికి రాగానే పిల్లల గోల ఠక్కున ఆగిపోయేది.

"అదిగో, పై అంతస్తులో మూడో కిటికీ! టిల్లీ ఏడుస్తోంది!" అనేవాడు ఎవడో ఒకడు.

టిల్లీ బిడ్డను ఎవరో లాక్కున్నారట. ఆమె ఏడ్చి ఏడ్చి ఆ గదిలోనే ప్రాణం వదిలిందట. గాలి వీచిన రోజున ఆ ఏడుపు రోడ్డు దాకా వినిపిస్తుందట. ఏటేటా కొత్తగా వచ్చిన పిల్లలు కథకు తలో చెయ్యి వేసేవారు. ఒకడు టిల్లీ చేతికి కత్తి ఇస్తే, ఇంకొకతె ఆ కత్తి తీసేసి కొవ్వొత్తి పెట్టేది. ఆర్డిస్ అద్దంలోంచి చూస్తూ, "కూర్చుంటారా, లేక టిల్లీ దగ్గర దింపేసి పోనా?" అనేది. దెబ్బకి అందరూ సీట్లలో సర్దుకునేవారు.

ఇన్నేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ఆ మేడ వంక నిండుగా చూడలేదు. చిన్నప్పుడు కారులో ఆ దారిన పోయేటప్పుడు వాళ్లమ్మ ముఖం అవతలికి తిప్పుకునేది. ఎందుకని అడిగితే, "అటేముంది చూడ్డానికి?" అనేది. ఆ అలవాటు కూతురికీ వచ్చింది.

ఉద్యోగం నుంచి దిగిపోయాక ఆర్డిస్ పదకొండు రోజులు ఇంట్లో కూర్చుంది. ఆ పదకొండు రోజుల్లో అటకలు దులిపింది, గిన్నెలన్నీ దింపి మళ్లీ సర్దింది, మొగుడు మెర్ల్ రెంచీలను సైజుల వారీగా పేర్చింది. మెర్ల్ ట్రాక్టర్లు బాగుచేసే మనిషి. ఏ రెంచీ ఎక్కడుందో తెలియక ఉక్కిరిబిక్కిరైపోయాడు.

"ఆర్డీ, నువ్వు ఇంకో నాలుగు రోజులు ఇంట్లో ఉన్నావంటే నేనే పోయి ఆ పేదల ఫారంలో చేరిపోతా," అన్నాడు.

"చేరడానికి అది ఉంటే కదా," అని ఆమె పేపరు అతని ముందుకు తోసింది. ఆ మేడ పడగొట్టి, మంచు ఎత్తే బండ్లు పెట్టుకోవడానికి షెడ్డు కడతారని చిన్న ప్రకటన. సెప్టెంబరులో ప్రజల అభిప్రాయం వింటారట.

ఎందుకో ఆర్డిస్ ఆ ప్రకటన కత్తిరించి దాచుకుంది. మర్నాడు కౌంటీ పాత కాగితాలన్నీ ఉండే కోర్టు భవనానికి వెళ్లి, ఫారంలో ఉన్నవాళ్ల పుస్తకాలు ఉన్నాయా అని అడిగింది. గుమాస్తా నేలమాళిగలోంచి మూడు లావాటి రిజిస్టర్లు మోసుకొచ్చి, దుమ్ముకి తుమ్ముతూ బల్ల మీద పడేసింది. పేరు, వయసు, వచ్చిన రోజు, వచ్చిన కారణం, వెళ్లిన రోజు. కారణాలు ఒక్కో మాటలో ఉన్నాయి. ముసలితనం. కాలు విరిగింది. మొగుడు పారిపోయాడు. పని దొరకలేదు.

మూడో రోజు, రెండో పుస్తకం మధ్యలో ఆమె వేలు ఆగిపోయింది. "గున్‌హిల్డ్ ఓస్బీ, ముప్పై నాలుగేళ్లు, ఇద్దరు పిల్లలతో. మొగుడు చనిపోయాడు. రెండు శీతకాలాలు ఉన్నారు." గున్‌హిల్డ్ ఆర్డిస్ అమ్మమ్మ. ఆ ఇద్దరు పిల్లల్లో ఒకరు ఆర్డిస్ అమ్మ.

ఆమె పుస్తకం మూసింది. అమ్మ ముఖం ఎందుకు తిప్పుకునేదో అరవై ఏడేళ్ల వయసులో తెలిసింది. కోపం రాలేదు. పోయిన అమ్మను ఇప్పుడు పక్కన కూర్చోబెట్టుకుని, "చూడవే అమ్మా, ఇందులో సిగ్గుపడాల్సిందేముంది?" అని అడగాలనిపించింది.

కౌంటీ బోర్డు అధ్యక్షుడు డ్వేన్ ఫ్రెరిక్స్‌కి ఇప్పుడు యాభై దాటాయి. చిన్నప్పుడు బస్సెక్కితే వాంతులు చేసుకునేవాడని ఆర్డిస్ అతన్ని ఐదేళ్లు తన వెనక సీట్లోనే కూర్చోబెట్టుకుంది. అందుకని నేరుగా అతని గదిలోకి వెళ్లింది.

"ఒరేయ్ డ్వేన్, తాళం చెవి ఇవ్వు."

"ఏ తాళం చెవి ఆర్డిస్ గారూ?"

"పేదల ఫారానిది. నువ్వు పడగొట్టేలోగా ఊళ్లోవాళ్లకి ఒకసారి చూపిస్తా."

"అందులో ఏముందండీ చూడ్డానికి? గబ్బిలాలు, ఎలకలు. పెచ్చు ఊడి ఎవరి నెత్తిన పడ్డా నా మెడకి చుట్టుకుంటుంది."

"కింది అంతస్తు ఒక్కటే తెరుస్తా. మెర్ల్ కప్పుకి దన్ను పెడతాడు. నీ కడుపులో తిప్పితే నేను బస్సు ఎన్నిసార్లు ఆపలేదురా?"

డ్వేన్ నవ్వాపుకుంటూ సొరుగు తెరిచాడు. "సెప్టెంబరు దాకా మీ ఇష్టం. ఆ తర్వాత యంత్రాలు వస్తాయి. అప్పుడు మాత్రం నా మాట కాదనకూడదు."

తాళమైతే దొరికింది గానీ జనాన్ని ఎలా రప్పించాలో ఆర్డిస్‌కి తోచలేదు. మెర్ల్ దన్ను కర్రలు బిగిస్తూనే ఉపాయం చెప్పాడు.

"దయ్యాలున్నాయని చెప్పు. పాత ఇటుకల్ని చూడ్డానికి ఎవడొస్తాడు? దయ్యాలకైతే పక్క కౌంటీ నుంచి కూడా వస్తారు."

"మా అమ్మమ్మ తలదాచుకున్న ఇంటిని సర్కస్ చెయ్యమంటావా?"

"సర్కస్ చెయ్యమనలేదే. అయినా ఆలోచించు. యాభై ఏళ్లుగా ఈ ఇంటి గురించి ఊళ్లో మాట్లాడింది ఎవరు? నీ బస్సులో పిల్లలొక్కళ్లే. వాళ్లు మాట్లాడింది దయ్యాల గురించే."

ఆర్డిస్ చీపురు గోడకి ఆనించి ఆలోచించింది. నిజమే. పెద్దవాళ్లు సిగ్గుతో నోరు మెదపలేదు. పిల్లలు ఒక్క టిల్లీ పేరైనా మర్చిపోకుండా ఉంచారు. సరేనంది. కానీ ఒక షరతు పెట్టింది. చూపించడం ఆదివారం మధ్యాహ్నం రెండు గంటలకే.

"పట్టపగలు దయ్యాలా?" అని మెర్ల్ నోరెళ్లబెట్టాడు.

"వాళ్లంతా పొద్దున నాలుక్కి లేచి పాలు పితికిన మనుషులు. రాత్రి ఏడయ్యేసరికి దీపాలార్పి పడుకునేవాళ్లు. చచ్చాక మాత్రం అర్ధరాత్రి దాకా మేలుకుని తిరుగుతారా? తిరిగితే పగలే తిరుగుతారు."

ఆ మాటనే అట్ట మీద రాసి కిరాణా కొట్టు తలుపుకి అంటించారు. ఊరంతా ఒకటే నవ్వు. జూన్ మొదటి ఆదివారం తొమ్మిది మంది వచ్చారు. అందులో నలుగురు మెర్ల్ అక్కచెల్లెళ్లు. మూడో ఆదివారానికి కార్లు వంపు దాటి నిలబడ్డాయి. డెమోయిన్ నగరం నుంచి దయ్యాల్ని వెతికే ఇద్దరు మగవాళ్లు పెట్టె నిండా మీటర్లతో దిగారు. ఆర్డిస్ వాళ్లను నఖశిఖపర్యంతం చూసి, "ఆ పెట్టె అక్కడ పెట్టి ఈ బకెట్లు పట్టుకోండి. పావురాల రెట్టలు కడగాలి. దయ్యాలు పనిచేసేవాళ్ల దగ్గరికే వస్తాయి," అంది. వాళ్లు నిజంగానే కడిగారు. ఆ తర్వాతి వారం బ్రష్షులు వాళ్లే తెచ్చుకున్నారు.

జూలై రెండో ఆదివారం ఉడుకుగా ఉంది. భోజనాల హాల్లో, ఇరవై అడుగుల పాత బల్ల చుట్టూ డెబ్బై మంది దాకా చేరారు. కూతురి చెయ్యి పట్టుకుని ఒక ముసలాయన వచ్చి చివరి కుర్చీలో కూర్చున్నాడు. గడ్డిటోపీ, చేతిలో కర్ర. ఆర్డిస్ టిల్లీ కథ మొదలుపెట్టింది. బిడ్డ, కొవ్వొత్తి, పై గది, ఏడుపు. సరిగ్గా అప్పుడే బయట గాలి లేచింది. పైనుంచి "ఊ... హూ... హూ..." అని సన్నగా మూలుగు వినిపించింది. ఒకావిడ కెవ్వుమని పక్కనున్న మెర్ల్‌ని కౌగిలించుకుంది. మెర్ల్ చెల్లెలు, "ఆర్డిస్, నీ మొగుణ్ణి చూసుకో!" అని అరిచింది.

ముసలాయన కర్రతో నేల మీద టకటకా కొట్టాడు.

"ఆపమ్మా, ఆపు! అంతా అబద్ధం!"

ఆర్డిస్ ముఖం ఎర్రబడింది. "ఏది అబద్ధం పెద్దాయనా?"

"టిల్లీ ఏడవడం. టిల్లీ అత్త ఈ బల్ల దగ్గర నా ఎదుటే కూర్చునేది. నా పేరు ఎడ్మండ్ కుబిచెక్. నా ఆరో ఏట మా అమ్మా నేనూ ఇక్కడికొచ్చాం. ఐదేళ్లున్నాం. టిల్లీ అత్త ఏడవగా నేనెప్పుడూ చూళ్లేదు. ఆవిడ నవ్విందంటే కొట్టంలో ఆవులు పాలు చేపేవి!"

"మరి ఆ బిడ్డో?"

"బిడ్డా లేదు, గిడ్డా లేదు. ఎవరు పుట్టించారో!" అని ఆయన కర్రను కప్పు వైపు ఎత్తాడు. "ఆ చప్పుడుందే, అది పైగదిలో పొయ్యి గొట్టానికున్న కంతలోంచి వస్తుంది. ఆపిల్ పళ్లు ఆ గదిలోనే దాచేవాళ్లు. మేం పిల్లలం దొంగతనానికి మెట్లెక్కుతుంటే టిల్లీ అత్త ఆ కంతలో నోరుపెట్టి ఊ... హూ... అని మూలిగేది. మేం ప్రాణాలరచేత పెట్టుకుని కిందికి పరుగో పరుగు. మేం దిగాక అదే గొట్టంలోంచి ఆవిడ నవ్వు వినపడేది. ఓహో! ఆ నవ్వు! ఫారం చూసుకునే వార్డెను కూడా ముందు విసుక్కుని చివరికి తనూ నవ్వేవాడు. ఆ తర్వాత జేబులోంచి తలో పండూ ఇచ్చేది."

"అంటే దయ్యాన్ని పుట్టించింది టిల్లీనే?"

"అవునమ్మాయ్. మేం బడికెళ్లి, ఇంటి దగ్గర దయ్యముందని గొప్పలు పోయాం. పేదల ఫారం పిల్లలకి గొప్పలు చెప్పుకోవడానికి ఇంకేముంటాయి? దయ్యమొక్కటే. ఆ దెబ్బకి మమ్మల్ని ఏడిపించే పిల్లలు కూడా మాతో స్నేహం కట్టారు."

మొదట మెర్ల్ నవ్వాడు. తర్వాత అందరూ. మళ్లీ గాలి లేచి పైనుంచి ఆ చప్పుడు వచ్చేసరికి ఇంక ఎవరికీ పట్టపగ్గాల్లేవు. కేక పెట్టిన ఆవిడ కళ్లు తుడుచుకుంటూ లేచి నిలబడింది. "మా పెద్దమ్మ కూడా ఇక్కడే ఉండేది. ఎవరికీ చెప్పొద్దని మా నాన్న ఒట్టు వేయించుకున్నాడు. ఇదిగో ఇప్పుడు చెప్పేశా," అంది. ఆమె వెనకే ఇంకొకాయన లేచాడు. ఆ రోజు సాయంత్రం ఐదైనా ఎవరూ కదల్లేదు. ఎవరో కారు డిక్కీలోంచి బంగాళాదుంపల సలాడూ, హామ్ రొట్టెలూ తీశారు. ఆ బల్ల మీద మళ్లీ భోజనాలు జరిగాయి.

సోమవారం కోర్టు తెరవగానే ఆర్డిస్ రిజిస్టర్ల ముందు కూర్చుంది. ఇంతకుముందు టిల్లీ అన్న పేరు కోసం వెతికి దొరక్క వదిలేసింది. టిల్లీ అన్నది మటిల్డాకి ముద్దుపేరనీ, ఆమె ఇంటిపేరు గ్రోట్ అనీ ఎడ్మండ్ వెళ్లేముందు చెప్పాడు కాబట్టి ఈసారి దొరికింది. "మటిల్డా గ్రోట్, పంతొమ్మిదేళ్లు. తీసుకొచ్చింది తండ్రి. కారణం: నవ్వు." అంతే. ప్రార్థన జరుగుతుంటే నవ్వుతోందని వదిలేసి పోయాడని ఎడ్మండ్ అమ్మ చెప్పేదట. నలభై మూడేళ్లు అక్కడే ఉంది. చివరి గడిలో సమాధి సంఖ్య ఎనభై ఎనిమిది.

ఆర్డిస్‌కి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఇంటికెళ్లి మెర్ల్‌తో చెప్పేటప్పుడు మాత్రం, ఆ గొట్టంలో నోరు పెట్టిన ఆడమనిషి గుర్తొచ్చి ఏడుపు సగంలోనే నవ్వైపోయింది.

అప్పట్నుంచి ఆమె కథ మారిపోయింది. టిల్లీ నవ్విన కథ విన్నాక జనం తమవాళ్ల పేర్లు చెప్పి, రిజిస్టరు నకళ్లలో వెతికించుకునేవారు. ఆగస్టంతా ఆర్డిస్ కాలికి బలపం కట్టుకుని తిరిగింది.

సెప్టెంబరు విచారణ పొద్దున తొమ్మిదింటికి పెట్టారు. కోతల రోజులు, ఎవరూ రారనుకున్నారు. చేలు వదిలేసి బురద బూట్లతోనే వచ్చారు. హాలు చాలక కొందరు కిటికీల దగ్గర నిలబడ్డారు. డ్వేన్ గొంతు సవరించుకుని మేడ పడగొట్టాల్సిన కారణాలు చదివాడు. కప్పు కారుతోంది, గోడ బీటలు వారింది, బండ్లు ఎండకీ మంచుకీ పాడవుతున్నాయి.

ఆర్డిస్ లేచింది.

"మా అమ్మమ్మ గున్‌హిల్డ్ ఓస్బీ అక్కడ రెండు శీతకాలాలు ఉంది. ఆ కప్పు కిందే మా అమ్మ చలికి చావకుండా బతికింది. మా అమ్మ ఈ సంగతి చచ్చేదాకా ఎవరికీ చెప్పలేదు. నేను అందరి ముందూ చెప్తున్నా," అని కూర్చుంది.

ఎడ్మండ్ లేచాడు. కేక పెట్టిన ఆవిడ లేచింది. తర్వాత ఒకరి వెనక ఒకరు. ఒకతను వాళ్ల ముత్తాత తొడుక్కున్న ఫారం చొక్కా తెచ్చి చూపించాడు. గంట గడిచినా వరుస తరగలేదు.

డ్వేన్ కాగితాలు సర్దుకున్నాడు. చివరికి, "ఆర్డిస్ గారూ, ఆ పుస్తకంలో మా ఇంటిపేరు ఉందా?" అని అడిగాడు.

ఆర్డిస్ తనతో తెచ్చిన రిజిస్టరు ముందుకి లాక్కుంది.

"ఉంది డ్వేన్. చూశాను. అందరి ముందూ నేను చదవను. కావాలంటే నువ్వే వచ్చి చూసుకో నాయనా."

అతను వేదిక దిగి వచ్చాడు. ఆమె పేజీ తెరిచి వేలు పెట్టింది. అతను వంగి చదువుకున్నాడు. ఒకసారి, రెండుసార్లు. తర్వాత తనే జనం వైపు తిరిగి పైకి చదివాడు.

"ఓక్ ఫ్రెరిక్స్, డెబ్బై ఒకటి. కొడుకు ఇంట్లో చోటు లేదు. గుర్రాల పనిలో నేర్పరి." పుస్తకం మీద చెయ్యి అలాగే ఉంచాడు. "ఈయన మా ముత్తాత తండ్రి. కాన్సాస్ వెళ్లి అక్కడే పోయాడని మా ఇంట్లో చెప్పేవారు. చోటు లేదట! ఆ ఇంట్లోనే నేను పుట్టాను. దానికి పద్నాలుగు గదులున్నాయి."

ఎవరూ నవ్వలేదు. డ్వేనే ముందు నవ్వాడు, తల అడ్డంగా ఊపుతూ. "మంచు బండ్లకి ఇంకోచోటు చూద్దాం. ఓటు పెట్టండి," అన్నాడు.

బోర్డులో ముగ్గురు అవునన్నారు, ఇద్దరు కాదన్నారు. హాల్లో బూట్ల చప్పుడు, ఈలలు. మెర్ల్ ఆర్డిస్‌ని పైకెత్తబోయి నడుం పట్టేసి కుర్చీలో కూలబడ్డాడు. వారం రోజులు ఇంట్లో వేడినీళ్ల సంచీ పెట్టుకుని పడుకున్నాడు.

ఆ తర్వాత అన్నీ ఒక్కరోజులో కాలేదు. కప్పు వెయ్యడానికి రెండేళ్లు పట్టింది. పొలం చివర నూటపన్నెండు సిమెంటు గుర్తులు అంకెలతో మాత్రమే ఉండేవి. రిజిస్టరు పట్టుకుని ఒక్కో అంకెకీ పేరు వెతికారు. ఏడుగురి పేర్లు ఇప్పటికీ దొరకలేదు. ఆర్డిస్ వెతుకుతూనే ఉంది. డ్వేన్ తన ముత్తాత తండ్రి సమాధి దగ్గర రాయిని తనే నిలబెట్టాడు, కొడుకునీ మనవరాలినీ వెంటబెట్టుకుని. టిల్లీ రాయి మీద ఏం చెక్కాలన్నదానికి పెద్ద తగువే జరిగింది. బైబిలు మాట ఉండాలని కొందరు, ఏమీ వద్దని కొందరు. ఎడ్మండ్ వినలేదు. పేరూ ఏళ్లూ చెక్కి, కింద "బాగా నవ్వేది" అని చెక్కించాడు. పొయ్యి గొట్టం కంత మూసెయ్యాలని ఇంజనీరు చెప్పాడు. గబ్బిలాలు రాకుండా సన్న వల కొట్టించారే గానీ, కంత మాత్రం మూయనివ్వలేదు.

నిరుడు జూన్‌లో ఎడ్మండ్ తొంభై ఏడో పుట్టినరోజు ఆ భోజనాల హాల్లోనే చేశారు. పుల్లటి రూబార్బ్ కాడలు వేసిన కేకు ఆర్డిస్ చేసింది. కొవ్వొత్తులు ఆర్పాక ఆయన ఆమెను పక్కకి పిలిచాడు.

"అమ్మాయ్, నేనెలాగూ పోతాను. పోయాక నన్ను కూడా నీ దయ్యాల్లో కలుపుకోవాలి. ఏ గది ఖాళీగా ఉంది?"

"మీకేది కావాలి పెద్దాయనా?"

"పశువుల కొట్టం ఇవ్వు. అక్కడ వెచ్చగా ఉంటుంది. పైగా నాకు పాలు పితకడం వచ్చు."

మెర్ల్ ఇది విని వంటగది తనదన్నాడు. డ్వేన్ మెట్ల కింది అలమర అడిగాడు. దయ్యాల్ని వెతికే ఇద్దరూ, "మేం ముందొచ్చాం, పైగది మాది," అని తగువుకి దిగారు. ఆర్డిస్ ఒక కాగితం తెచ్చి, అందరి పేర్లూ, గదులూ వరుసగా రాసింది. సాయంత్రానికి మేడలో ఒక్క గదీ మిగల్లేదు. ఆలస్యంగా వచ్చినవాళ్లని కోళ్లగూట్లో సర్దుకోమంది.

"మరి నీకో?" అన్నాడు మెర్ల్, కేకు ముక్క నోట్లో పెట్టుకుంటూ.

"నాకు గది దేనికి? వచ్చినవాళ్లకి చూపించడానికి వాకిట్లో ఒకరుండాలిగా," అంది ఆర్డిస్. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, కాఫీ కూజా ఖాళీ అయిందేమో చూడ్డానికి వెళ్లింది.